పదిమందినే మోసే ముసలాయన

జూన్ 3, సోమవారం

ఇవాళా ఆఫీసు తాళం తీసింది నేనే. అంత పొద్దున్నే వెళ్లి అక్కడ ఉద్ధరించేదేమీ లేదు కానీ, ఇంట్లో కూర్చుని గోడలకేసి చూడటం కంటే నయం. నా మెషీన్ ఆన్ చేశాను. చెల్లి మెషీన్ ఆన్ చేశాను. ఇన్నేళ్లుగా రెండూ నేనే ఆన్ చేస్తున్నాను, ఆవిడగారికి జడ వేసుకునేసరికే తెల్లారిపోయేది కదా. చేతికి అలవాటైపోయింది. అయినా వాడకుండా ఉంచితే కంప్యూటర్లు పాడవుతాయంటారు.

చెల్లి కుర్చీ మీద దుమ్ము తుడిచాను. శాలువా అలాగే వేసి ఉంది. ఏసీ గాలి పడదని కొనుక్కుంది, పెళ్లి చేసుకుని వెళ్తూ వదిలేసింది. నలభై ఒకటో ఏట పెళ్లి! రెండు నెలలైంది. నాకు సంతోషమే. అందరికీ అదే చెప్పాను.

ఆఫీసులో కొత్తమ్మాయి చేరింది. నెల రోజులు చూసి, పని నచ్చితే ఉంచుకుంటారట. పెద్దసారు చెల్లి కుర్చీ చూపించి, "ఇక్కడ కూర్చోబెడదామా?" అన్నారు. "ఆ మెషీన్‌లో పాత డ్రాయింగులున్నాయి సార్, ముట్టుకుంటే మొరాయిస్తుంది" అన్నాను. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నా జవాబు. ఆయన ఫోన్‌లో ఉండి పట్టించుకోలేదు. ఆ పిల్లకి మంచినీళ్ల డ్రమ్ము పక్కన చిన్న బల్ల వేసి, ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు.

మధ్యాహ్నం ఆ పిల్లకి ముసలాయన సంగతి చెప్పాల్సొచ్చింది. వెనక గదిలో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి మేం పెట్టుకున్న పేరది. మేం గీసే ఇళ్ల డ్రాయింగులన్నీ దాన్లోనే ఉంటాయి, ఎవరి కుర్చీలోంచి వాళ్లం అక్కడివే తెరుచుకుంటాం. తెరిస్తే ఎక్కినట్టు, మూసేస్తే దిగినట్టు. పని ఎక్కువైన నెలల్లో బయటివాళ్లని తెచ్చి కూర్చోబెడితే ముసలాయన మొహం చాటేస్తాడు. అప్పుడెవరో ఒకరు బస్సు కండక్టర్‌లా "ఎవరైనా దిగండమ్మా!" అని అరుస్తారు. చేతిలో పని లేనివాళ్లు దిగుతారు.

ఇవాళ ఆ పిల్లని ఎక్కనివ్వలేదు. "ఇక చోటు లేదంటోంది మేడమ్" అంది భయంభయంగా, తనేదో విరగ్గొట్టినట్టు.

చెల్లి ఫోన్ చేయలేదు.

జూన్ 4

కూర మళ్లీ ఇద్దరికి వండాను.

జూన్ 6, గురువారం

డాక్టర్ వచ్చాడు. డాక్టరంటే కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి. సంచీలో నాలుగు స్క్రూడ్రైవర్లు వేసుకుని పెద్దాసుపత్రి సర్జన్‌లా మొహం పెట్టుకుని తిరుగుతాడని టేపు బాబాయ్ ఆ పేరు పెట్టాడు. టేపు బాబాయ్ సైట్లకెళ్లి కొలతలు తీసే మనిషి. అన్నం తినేటప్పుడు కూడా జేబులో టేపు ఉండాల్సిందే.

డాక్టర్ ముసలాయన్ని ఒకసారి తట్టి, "ఇదసలు సర్వర్ కాదండీ, ఇంట్లో పెట్టుకునే మామూలు డెస్క్‌టాప్. మీరే దాన్ని సర్వర్ చేసేసుకున్నారు. ఒకేసారి పదిమందిని మోస్తుంది, అంతే. పదకొండోవాడొస్తే తోసేస్తుంది. దాన్ని చేసినవాళ్లే అలా చేశారు, నేనేం చేయలేను" అన్నాడు.

"అందరం కలిపి ఎంతమందిమి?" అన్నారు పెద్దసారు.

టేపు బాబాయ్ లేచి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. పెద్దసారుతో సహా తొమ్మిది, కొత్తమ్మాయితో పది. "సరిగ్గా సరిపోయాం కదయ్యా! మరి పాపం ఈ పిల్లకెందుకు చోటు లేదు?"

"అయితే ఎక్కడో ఇంకోటి ఎక్కి కూర్చుంది. వాడుతున్నారా లేదా అని ముసలాయన చూడడండీ. ఏదో ఒక ఫైలు తెరిచిపెట్టుంటే చాలు, మనిషి లేకపోయినా ఎక్కినట్టే లెక్క."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, "ప్రింటరేమో!" అన్నాను. నన్నెవరూ అడగలేదు. ప్రింటరు వైరు పీకి చూశారు. ఆ పిల్ల మళ్లీ ప్రయత్నించింది. చోటు లేదనే అంది.

డాక్టర్‌కి ఇంతలో ఎక్కణ్నుంచో ఫోన్ వచ్చింది. "ఈ నెల్లో ఒకరోజు తీరిగ్గా వచ్చి, లోపలికెళ్లి ఎవరెవరెక్కారో చూస్తా" అని సంచీ తగిలించుకుని వెళ్లిపోయాడు.

ప్రింటరే అయ్యుంటుంది. సరిగ్గా పీకి ఉండరు.

జూన్ 7

మధ్యాహ్నం అన్నం తిన్నాక 'ఇల్లు' తెరిచాను. రోజూ తెరుస్తాను. దీని గురించి రాయడం అనవసరం, నాకు తెలిసిందే. కానీ ఇవాళెందుకో రాయాలనిపిస్తోంది.

ఊళ్లోవాళ్ల ఇళ్లన్నీ గీస్తున్నాం, మనకొకటి గీసుకుందామని చెల్లే మొదలుపెట్టింది. ఏళ్ల కిందటి మాట. అన్నం తిన్నాక మిగిలిన కాసేపట్లో ఒకరోజు తను, ఒకరోజు నేను. కింద వంటిల్లు, వరండా. పైన తనకో గది, నాకో గది, మధ్యలో గోడ పెట్టాలా వద్దా అని నెల్లాళ్లు పోట్లాడుకున్నాం. కట్టేదా పెట్టేదా, దానికంత గొడవ. మెట్లు మాత్రం సగంలో ఆగిపోయాయి. ఆ పని తనది.

ఒకరు తెరిచి ఉంచిన డ్రాయింగుని ఇంకొకరు తెరవబోతే ముసలాయన చెబుతాడు, ఫలానావారు దీని మీద పని చేస్తున్నారు, మీరు చూడ్డానికి మాత్రమే తెరవొచ్చు అని. పొద్దున్న చెల్లి మెషీన్‌లో 'ఇల్లు' తెరిచిపెట్టి తెర ఆర్పేస్తాను, కరెంటు వృథా ఎందుకని. మధ్యాహ్నం నా మెషీన్‌లో తెరవబోతే చెల్లి పేరొస్తుంది. పని చేస్తోందట.

సరే, చేసుకోనీ. ఊరికే చూసి మూసేస్తాను.

దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

జూన్ 11, మంగళవారం

కొత్తమ్మాయి తెలివైంది. బస్సు ఆలస్యమయ్యే తనకి చోటు దొరకడం లేదేమోనని ఇవాళ అందరికంటే ముందొచ్చింది. నేను తాళం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. నా వెనకే లోపలికొచ్చి చకచకా ఎక్కేసింది. నేను రెండు మెషీన్లూ ఆన్ చేశాను. తను అటు తిరిగి కూర్చుంది, చూడలేదు.

చివర్లో వచ్చింది టేపు బాబాయ్. ఆయన్ని ఎక్కనివ్వలేదు. ఆయన నవ్వేశాడు కానీ పక్క బల్లవాళ్లు ఊరుకుంటారా! "నిన్నగాక మొన్నొచ్చి పెద్దాయన్ని తోసేసిందమ్మా" అన్నారు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే దిగిపోయింది. ఇక రోజంతా ఎవరు కేకేసినా తనే దిగింది.

సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి, "అక్కా, కాసేపు మీరు దిగుతారా, ఒక్క డ్రాయింగు చూసుకుంటాను" అంది.

"మేడమ్ అను చాలు" అన్నాను.

దిగాను. కానీ అలా అనకుండా ఉండాల్సింది. అక్కా అని చెల్లి తప్ప ఎవరూ అనరు నన్ను, అందుకని. ఆ పిల్లకదెలా తెలుస్తుంది?

జూన్ 14

చెల్లి ఫోన్ చేయలేదు. స్నానం చేస్తుంటే ఏదో మోగింది. పాలవాడై ఉంటాడు.

జూన్ 16, ఆదివారం

ఆదివారాలు బాగుండవు. గదిలో రెండో మంచం మీద ఉతికిన బట్టలు పోశాను, మంచం కనబడకుండా. కింద వాటా ఆవిడ తలుపు కొట్టి, "మీ చెల్లెలు బాగుందా?" అంది. "లక్షణంగా ఉంది, మరిది బంగారంలాంటి మనిషి" అన్నాను. నిజమే. పెళ్లికి ముందు ఇంటికొచ్చినప్పుడు వంటింట్లో బల్బు మార్చి వెళ్లాడు, ఎవరూ అడక్కుండానే. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా ఇవ్వలేదు మహానుభావుడు. ఆ బల్బు ఇంకా వెలుగుతోంది.

"మరి ఎప్పుడూ రాదేం?" అందావిడ. రైల్లో ఒక పూట ప్రయాణమన్నాను. రమ్మని నేను పిలవలేదని చెప్పలేదు. తను రెండుసార్లు రమ్మందని కూడా.

సాయంత్రం మోగింది. పొయ్యి మీద పాలున్నాయి, ఎత్తలేదు.

జూన్ 19, బుధవారం

జ్వరం. ఆఫీసుకెళ్లలేదు. మంచినీళ్లు నేనే తెచ్చుకున్నాను. దుప్పటి కప్పేవాళ్లు లేకపోతే జ్వరం కూడా పెద్దగా రాదనుకుంటాను, సాయంత్రానికే తగ్గిపోయింది.

జూన్ 20, గురువారం

కొత్తమ్మాయి ఎదురొచ్చి, "ఒంట్లో ఎలా ఉంది మేడమ్?" అని ఊరుకోవచ్చు కదా! "నిన్న భలే జరిగింది మేడమ్! ఎవ్వరూ ఒక్కసారి కూడా దిగక్కర్లేకపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాకు చోటుంది!" అని మొహం వెలిగిపోతూ చెప్పింది.

నేను రాకపోతే ఆఫీసంతా హాయిగా ఉందన్నమాట. మంచిది.

నేను రాలేదు కాబట్టి ఒకటి తగ్గింది, తనకి దొరికింది. లెక్క అంతే. ఇందులో ఇంకేం లేదు.

అయినా నిన్న చెల్లి మెషీన్ ఆన్ చేసేవాళ్లూ లేరు. ఇంకో చోటు కూడా ఖాళీగా ఉండి ఉంటుందేమో. ఏమో, జ్వరం తల, లెక్కలు చేయకూడదు.

మధ్యాహ్నం 'ఇల్లు' తెరవబోయాను. చెల్లి పని చేస్తోంది.

జూన్ 24, సోమవారం

కొంప మునిగింది.

పిల్లల డాక్టరుగారి క్లినిక్‌కి చక్రాల కుర్చీలు ఎక్కే ర్యాంపు గీస్తున్నాం. అది కొత్తమ్మాయి పని. టేపు బాబాయ్ సైటుకెళ్లి కొలిచి, వెడల్పు చాలదని ముసలాయనలో ఉన్న డ్రాయింగులో మార్చాడు. ఆ పిల్లకి రోజూ చోటు దొరకదు కదా, అందుకని దొరికినప్పుడే డ్రాయింగు తన ల్యాప్‌టాప్‌లోకి దింపుకుని అక్కడే పని చేస్తోంది. దాంట్లో పాత వెడల్పే ఉంది. అదే సైటుకి పంపింది. మేస్త్రీ దాన్ని చూసి చెక్కలు బిగించి, సిమెంటు పోసేశాడు. చక్రాల కుర్చీ పెట్టి చూస్తే గోడల మధ్య ఇరుక్కుపోయిందట. ఇప్పుడంతా పగలగొట్టాలి.

పెద్దసారు అరవలేదు. అరిస్తే బాగుండేది. "ముసలాయనలో ఉన్నది చూసుకోవాలి కదమ్మా" అన్నారు.

"ఎక్కనివ్వలేదు సార్."

"అందరూ ఎక్కుతున్నారుగా. నీకే ఎందుకు కుదరడం లేదు?"

జవాబు నా దగ్గరుంది. తలొంచుకుని ఒక కిటికీ కొలత నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

తను బయటికెళ్లాక ఆయన నాతో, "నెలాఖరుకి పంపించేద్దామండీ. పాపం పిల్ల మంచిదే, కానీ మన దగ్గర ఇంకో మనిషికి చోటు లేనట్టుంది" అన్నారు. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

జూన్ 25

చెల్లి ఫోన్ చేయలేదు. మూడుసార్లు.

జూన్ 26, బుధవారం

బస్టాపులో కొత్తమ్మాయి, నేను. వర్షం. ఇద్దరికీ నా గొడుగే. బస్సులు రావడం, మాకు కావాల్సింది రాకపోవడం.

"శుక్రవారమే ఆఖరు మేడమ్, సారు చెప్పారు" అంది.

"ఊఁ."

"ఇంట్లో ఏమని చెప్పాలో తెలియడం లేదు. పని రాలేదన్నారంటే మా అమ్మ నమ్మేస్తుంది, ఎప్పుడూ అదే అంటుంది కాబట్టి. చోటు లేదన్నారంటే మాత్రం నమ్మదు. ఉద్యోగమిచ్చి చోటివ్వకపోవడం ఏంటే అంటుంది." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నాకీ ఊళ్లో ఎవరూ లేరు మేడమ్. హాస్టల్లో ముగ్గురుంటారు, వాళ్ల షిఫ్టులు వేరు. రోజంతా నేను మాట్లాడేదల్లా 'దిగుతారా' అన్న ఒక్క ముక్కే."

బస్సొచ్చింది. నిండిపోయి ఉంది. కండక్టర్ చెయ్యూపి ఆపకుండా వెళ్లిపోయాడు. అంత నిండా మనుషులున్నారు మరి, ఏం చేస్తాడు? ఎవరూ లేని సీటు మీద రుమాలు వేసి పట్టుకున్నవాళ్లుంటే మాత్రం దింపేవాడే.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాకు తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో అది మాత్రం రాయను. నాకు సిగ్గుగా ఉంది.

జూన్ 27, గురువారం

తాళం తీశాను. నా మెషీన్ ఆన్ చేశాను.

చెల్లి మెషీన్ దగ్గర నిలబడ్డాను. చెయ్యి దానంతటదే మీట మీదికెళ్లింది. ఆన్ చేశాను. 'ఇల్లు' తెరిచాను. ఇవాళ తెర ఆర్పలేదు, కూర్చుని చూశాను. తన గది కిటికీ నా గది కిటికీ కంటే పెద్దగా ఉంది, దొంగది, ఎప్పుడు పెంచుకుందో. మెట్లు సగం దాకా వచ్చి గాల్లో ఆగి ఉన్నాయి. గట్టిగా ఏడ్చాను. ఎవరూ రాలేదు కాబట్టి ఫరవాలేదు.

తర్వాత మూసేశాను. మెషీన్ ఆపేశాను. అంతే, రెండు నొక్కులు. దానికి ఇన్నాళ్లు పట్టింది.

అందరూ వచ్చారు. కొత్తమ్మాయి చివర్లో తడిసిపోయి వచ్చింది, ల్యాప్‌టాప్ తెరిచింది. నేను నా తెర వంకే చూస్తున్నాను కానీ చెవులక్కడున్నాయి.

"ఎక్కాను!" అంది. కాసేపటికి, "ఎవరు దిగారు? ఎవరైనా దిగారా?" అంది. ఎవరూ దిగలేదన్నారు. అందరూ ఉన్నారు.

మంచినీళ్ల డ్రమ్ము పక్కన ఆ పిల్ల దగ్గరకెళ్లి ఉన్నమాట చెప్పేశాను. చెల్లి మెషీన్ సంగతి, రోజూ తెరిచిపెట్టిన సంగతి. ఏడుస్తుందో, పోనీలెండి అంటుందో అనుకున్నాను. గ్లాసు బల్ల మీద టక్కున పెట్టింది.

"నాకు చేతకావడం లేదనుకుని రోజూ ఏడ్చాను మేడమ్. ర్యాంపు పగలగొడుతుంటే వెళ్లి నిలబడి చూశాను. మీకు తెలిసి కూడా..."

"తెలిసే" అన్నాను.

తను వెళ్లి కూర్చుని తన పని చేసుకుంది. రోజంతా దిగలేదు.

మధ్యాహ్నం నా మెషీన్‌లో 'ఇల్లు' తెరిచాను. ముసలాయన ఏమీ అడగలేదు. ఎవరి పేరూ చెప్పలేదు. నేరుగా తెరుచుకుంది. అంత ఖాళీ ఇల్లు నేనెప్పుడూ చూడలేదు.

జూన్ 28, శుక్రవారం

పెద్దసారుకి చెప్పాను. టేపు బాబాయ్ కూడా అక్కడే ఉన్నాడు. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికామన్నమాట!" అన్నాడాయన, కానీ నా మొహం చూసి ఇంకో మాట అనకుండా టేపు బయటికి లాగి లోపలికి వదిలాడు.

పెద్దసారు, "ర్యాంపు సంగతి క్లినిక్‌వాళ్లకి మీరే చెప్పాలి" అన్నారు. చెబుతానన్నాను. "ఆ పిల్లకి కూడా చెప్పండి, వెళ్లక్కర్లేదని. సోమవారం నుంచి మీ చెల్లెలి సీట్లో కూర్చోమనండి." ఆగి, "మీరిద్దరూ పక్కపక్కన లేని ఆఫీసు నాకూ అలవాటు కాలేదండీ" అన్నారు.

సాయంత్రం డాక్టర్ వచ్చాడు, సంచీతో సహా. ముసలాయన లోపలికెళ్లి చూసి, "పదిమందే ఉన్నారు, అంతా బాగుంది, అనవసరంగా కంగారుపడ్డారు" అన్నాడు.

ఇంటికొచ్చాను. మోగింది. పాలు కావు, స్నానం కాదు, ఏమీ లేదు. ఎత్తాను.

"అమ్మయ్య! ఎత్తావా!" చెల్లి. "రోజూ చేస్తున్నానే అక్కా. మోగి మోగి ఆగిపోతోంది. కోపమొచ్చిందా నా మీద? ఆ మాటైనా చెప్పవేం? ఆదివారం వచ్చి తలుపు బద్దలుకొడదామనుకున్నాం ఇద్దరం."

"కోపమొచ్చింది" అన్నాను. "నువ్వెళ్లిపోయావని."

అటునుంచి ముక్కు చీదడం వినబడింది.

"నీ కుర్చీలో సోమవారం నుంచి ఒకమ్మాయి కూర్చుంటుంది" అన్నాను.

"నా శాలువా ఇవ్వు దానికి. అక్కడ ఏసీ గాలి నేరుగా మీద పడుతుంది." మళ్లీ చీదింది. "మన ఇంటికి మెట్లు నువ్వే వెయ్యవే అక్కా. నాకెలాగూ రావు, అందుకే వదిలేశాను. చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నా."

ఇన్నేళ్లూ మెట్లు గీసి పెట్టింది కదా అందరికీ! రాకపోవడమేంటి, అబద్ధం. అయినా ఒప్పుకున్నాను.

జూన్ 30, ఆదివారం

వాళ్లొచ్చారు. తలుపు తీసే ఉంది, బద్దలు కొట్టక్కర్లేకపోయింది. మంచం మీద బట్టలు మడతపెట్టాను. రెండో మంచం మీద చెల్లి పడుకుని, మరిది వంటింట్లో కారుతున్న కుళాయి బిగిస్తుంటే, "ఆయనకి ఇదే జబ్బు, ఊరుకో" అంది. సాయంత్రం రైలుకి వెళ్లిపోయారు. వెళ్లాక ఇల్లు పెద్దదైపోయింది. ఎప్పట్లాగే.

జూలై 1, సోమవారం

కొత్తమ్మాయి చెల్లి కుర్చీలో కూర్చుంది. శాలువా ఇస్తే పక్కన పెట్టింది, కప్పుకోలేదు. నాతో ఇంకా అవసరమైనంతే మాట్లాడుతోంది. న్యాయమే. మెషీన్ తనే ఆన్ చేసుకుంది, నా చెయ్యి ఊరికే ఉండలేక బల్ల మీది పెన్నులు సర్దింది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక 'ఇల్లు' తెరిచి మెట్ల పని మొదలుపెట్టాను. మూడు మెట్లయ్యాయి. నాలుగోది కుదరక చెరుపుతున్నాను. అటునుంచి ఆ పిల్ల అడిగింది.

"ఈ మెషీన్‌లో 'ఇల్లు' అని ఏదో ఉంది, తెరవబోతే మీ పేరు చెబుతోంది. మీరు దాని మీద పని చేస్తున్నారట, నన్ను ఊరికే చూడమంటోంది."

నేను నాలుగో మెట్టు చెరపడం ఆపాను. ఏసీ చప్పుడు వినబడుతోంది. ఆ పిల్ల శాలువా తీసి భుజాల మీద వేసుకుంది.

"దిగుతారా అక్కా?" అంది.

"దిగను. మెట్లున్నాయి, ఊరికే చూడు" అన్నాను.